ఆటగాడు లేవకముందే కట్టిన ఫ్లెక్సీ

అది 2023 మే నెల. తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపం. జరుగుతున్నది పెళ్ళి కాదు, చదరంగం పోటీలు. మూడు రోజులపాటు ఆడేవాళ్ళకీ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకీ పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం పెట్టే ఆర్డరు మాకు వచ్చింది. మాది ఉంగుటూరు. మా ఆయన ఉన్న రోజుల్లో ఆయన వెనక గరిటె పట్టుకుని మొదలుపెట్టిన పని, ఆయన పోయాక నా పేరు మీదే నడుస్తోంది. నేను మూడో తరగతితో బడి మానేశాను. కూడబలుక్కుని రాయగలను, అంతే. కానీ ఆ మూడో రోజు చూసింది తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. అందుకని రాస్తున్నాను.

ముందు మా పని సంగతి ఒకటి చెప్పాలి. జనాన్ని వరసగా కూర్చోబెట్టి వడ్డించడాన్ని మేము బంతి అంటాం. బంతిలో అందరూ ఒకేలా తినరు. ఒకడు రైలు తప్పిపోతుందన్నట్టు తింటాడు. పళ్ళు లేని ముసలాయన పప్పన్నం దగ్గరే ఉండిపోతాడు. ఆ ఆఖరి మనిషి పెరుగన్నం తినేదాకా పక్కవాళ్ళు లేవకూడదు. మేము ఒక్క విస్తరి కూడా ముట్టుకోకూడదు. అతని పక్కన ఆకులు ఎత్తడం మొదలుపెట్టామంటే, నువ్వింక లెమ్మని మెడ పట్టినట్టే. బఫేలు వచ్చాక ఈ మర్యాద పోయింది. నిలబడి తినేవాణ్ణి లేపేదేముంది? అయినా నా దగ్గర కొత్తగా చేరిన సప్లయి మనుషులకి, అంటే వడ్డించేవాళ్ళకి, నేను మొదటిరోజు చెప్పేది ఇదే. వంకాయ మాడితే క్షమిస్తాను. తింటున్నవాడి ముందు ఆకు తీస్తే మర్నాడు రావద్దంటాను.

ఆర్డరు ఇచ్చినాయన ఆ పోటీలకి కన్వీనరు. అన్ని ఏర్పాట్లూ చూసే పెద్దమనిషన్నమాట. రైసుమిల్లుంది, ఊళ్ళో పలుకుబడుంది. ఆయనే అడిగారు.

"మామ్మగారండీ, మీ భోజనాల బల్లలే హాల్లో కూడా వేయించేయండి. వాటిమీదే బోర్డులు పెట్టుకుంటారు. వేరే తెప్పించడం దండగ కదండీ."

దండగన్న మాట నాకు నచ్చింది. సరేనన్నాను. బల్లల మీద పరిచే తెల్లకాగితం చుట్టలోంచి మిగిలిన ముక్కలు కూడా బోర్డుల కింద పరిచేశాం. అంతవరకూ ఆయన మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది.

మొదటిరోజే తెలిసింది, ఇది మాకు అలవాటైన హాలు కాదని. లోపల అంతమంది ఉన్నా చీమ చిటుక్కుమనదు. వెనక వసారాలో మావాళ్ళు గంగాళం కింద పెట్టిన చప్పుడుకే లోపలినుంచి ఒకాయన వచ్చి పెదవి మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఆయన ఆర్బిటరట. అంటే ఆటకి న్యాయం చెప్పే మనిషి. ఏలూరులో బడి మాస్టారు. మెతక మనిషి, నోరు విప్పితే "పర్వాలేదండి" తప్ప ఇంకో మాట రాదు. ఆ రోజునుంచి మేము గరిటెలు కూడా గుడ్డమీద పెట్టాం.

ఆ సాయంత్రం ఆటలు అయ్యాక ఒకతను వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ నలిగిన చొక్కా.

"మామ్మగారండీ, కాసిని మజ్జిగుంటే ఇప్పిస్తారా? కాఫీ వద్దండి."

"ఉప్పు వేసిందా, వేయందా?"

"ఏదైనా పర్వాలేదండి."

"ఏదైనా పర్వాలేదనేవాడికి వడ్డించడం మహా కష్టం నాయనా. ఒకటి చెప్పు."

నవ్వాడు. "ఉప్పేసిందే పోయండి."

పక్కనే విస్తళ్ళు తుడుస్తున్న సత్యవతి నన్ను మోచేత్తో పొడిచింది. సత్యవతి నా దగ్గర పదేళ్ళుగా వడ్డిస్తోంది, ఎక్కడి కబురైనా ముందు దానికే తెలుస్తుంది. "మామ్మగారూ, ఆయన గ్రాండ్‌మాస్టరండీ. చదరంగంలో అంతకు మించిన పట్టా లేదంట" అంది.

అతని పేరు భాస్కరం. సొంతూరు కొల్లేటికోట. ఉద్యోగం విశాఖపట్నంలో. అంత పట్టా ఉన్నవాడు గంగాళం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని మజ్జిగ తాగుతుంటే నాకే ఏదోలా ఉండి, "లోపల కుర్చీలున్నాయిగా బాబూ" అన్నాను.

"రోజంతా కుర్చీలోనే కదండీ. ఇది బాగుంది."

రెండో రోజు కూడా వచ్చాడు. అప్పుడు చెప్పాడు తన సంగతి. ఆట బాగా ఆడతాడనే ఆ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారట. కొన్నాళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా ఓడి వస్తున్నాడు. ఆఫీసులో పైవాళ్ళకి విసుగొచ్చింది.

"ఇది ఆఖరి లీవండి మామ్మగారూ. ఇక్కడ ఫస్టు వస్తే పోటీలకి పంపుతారు. లేకపోతే ఇంక సీట్లో కూర్చుని ఫైళ్ళు చూసుకోమన్నారండి."

"అంటే ఆట మానేయడమేనా?"

"ఆదివారాలు ఆడుకోవచ్చన్నారండి."

చేపని బిందెలో వేసి ఈదుకోమన్నట్టుంది ఆ మాట. అదీ అతను నవ్వుతూ చెప్పాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ ఆఫీసువాళ్ళు నా ఎదురుగా లేరు కదా. గ్లాసు నిండా ఇంకోసారి మజ్జిగ పోశాను.

మూడో రోజు ఆఖరి ఆట. భాస్కరానికి ఎదురుగా కూర్చున్నది తేజ అని ఈ తాడేపల్లిగూడెం కుర్రాడే. ఇంజినీరింగు చదువుతున్నాడు. కన్వీనరుగారికి స్వయానా మేనల్లుడు. పిల్లాడు బుద్ధిమంతుడు, వడ్డించినప్పుడల్లా "చాలండి, థాంక్సండి" అనేవాడు. ఇద్దరూ అప్పటికి సమానంగా ఉన్నారు. ఆ ఆట సమానంగా ముగిస్తే, ముందు ఆటల లెక్క చూసి కుర్రాడికే ఫస్టు ఇస్తారట. భాస్కరం గెలిచి తీరాలి. సత్యవతి పొద్దున ఇడ్లీ వాయి దింపుతూ ఇదంతా నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది.

టిఫిన్లు కాగానే ఆట మొదలైంది. మేము మామిడికాయ పప్పు పోపు పెట్టే వేళకి కబురు వచ్చేసింది, భాస్కరం ఓడిపోతున్నాడని. అతని ఏనుగు పోయి, దానికి బదులు ఉత్త గుర్రం దక్కిందట. ఏనుగు ఇచ్చి గుర్రం తీసుకోవడం అంటే నష్టమేనట. పైగా ఒక బంటు కూడా తక్కువ. నాకు ఆ జంతువుల బేరాలు తెలియవు. అందరి మొహాలూ చూసి తెలుసుకున్నాను.

భోజనాల వేళకి మిగతా బల్లల మీద ఆటలన్నీ అయిపోయాయి. అందరూ వచ్చి బంతికి కూర్చున్నారు. లోపల ఆ ఒక్క బల్లే మిగిలింది. ఇక్కడ మాగాయ నంజుకుంటూ వీళ్ళు మాట్లాడిన మాటలు వినాలి.

"రిజైన్ చేయచ్చు కదండీ. ఇంకా ఎందుకు లాగుతాడు?"

రిజైన్ అంటే ఓడిపోయానని ఒప్పుకుని, చెయ్యి కలిపి లేచిపోవడమట.

"పాపం, పెద్దాయన కదరా. లేవడానికి మోకాళ్ళు పట్టేసుంటాయి."

దానికి బంతంతా నవ్వు. అన్నవాడికి పాతికేళ్ళుండవు. వాడు ఆ ముందురోజే ఓడిపోయి, ఫోనులో వాళ్ళమ్మ దగ్గర ఏడవడం నేను చూశాను. వాడి ఆకులో రెండోసారి కూర వేయలేదు నేను.

లోపల ఉన్న ఇద్దరికీ రెండు ఆకులు విడిగా తీసి, కూరలు గిన్నెల్లో పెట్టించాను.

"చల్లారిపోతాయండి మామ్మగారూ," అంది సత్యవతి.

"మూత పెట్టు. మూత పెడితే పోయేదేముంది?"

అందరి తిళ్ళూ అయ్యాక ఎంగిలాకుల బుట్టలు ఎక్కడ పెట్టించాలో చూద్దామని గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఇద్దరు మనుషులు నిచ్చెనెక్కి ఫ్లెక్సీ కడుతున్నారు. పైన పెద్ద అక్షరాలు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. చదరంగం పోటీల విజేత చిరంజీవి తేజకు శుభాకాంక్షలు, ఇట్లు మేనమామ. కుర్రాడి ఫోటో కన్నా మేనమామ ఫోటోయే పెద్దది.

"ఏవయ్యా, ఆట అయిపోయిందా?" అన్నాను.

"మాకేం తెలుసండీ? కట్టమన్నారు, కడుతున్నాం."

"మరి ఇంతలో ఇదెక్కడినుంచి వచ్చింది?"

"నిన్ననే ఆర్డరిచ్చారండి."

నిన్న. అప్పటికి ఇద్దరూ ఈ ఆటకి బల్ల దగ్గర కూర్చోనైనా లేదు. గేటు పక్కన ఒకతను పూలదండ పట్టుకుని, ఇంకొకతను టపాకాయల దండ పరుచుకుని ఉన్నారు. పొయ్యి వెలిగించకుండానే తేన్చినవాళ్ళని ఈ వయసులో మొదటిసారి చూశాను.

వెనక్కి వచ్చేసరికి కన్వీనరుగారు వసారాలో ఉన్నారు. ఆ సాయంత్రం అదే హాల్లో ఎవరిదో నిశ్చితార్థం. పూల డెకరేషన్ వాళ్ళ వ్యాను అప్పుడే వచ్చింది.

"మామ్మగారండీ, మీవాళ్ళకి చెప్పి హాల్లో బల్లలు మడిపించేయండి."

"లోపల ఆట నడుస్తోంది కదండీ."

"ఆ ఒక్కటీ వదిలేసి మిగతావి మడిపించండి. కాస్త చప్పుడైతే ఆయనే లేస్తాడు లెండి."

నా చెవులు సరిగ్గా విన్నాయా అని ఆయన మొహంలోకి చూశాను. సరిగ్గానే విన్నాయి. ఇనుపకాళ్ళ బల్లలు అవి. మడిస్తే ఫెళ్ళుమంటాయి. గరిటె చప్పుడు కాకూడదన్న హాల్లో, ఒక మనిషి బతుకు తేలే వేళ, చప్పుడు చేసి లేపమంటున్నాడు ఈయన. అదీ నా బల్లలతో, నా మనుషులతో.

"ఆ పని మేము చేయమండి," అన్నాను.

"అదేంటండీ? ఆయన ఓడిపోయాడు. అందరూ చెబుతున్నారు."

"ఆయన చెప్పాడాండీ?"

"మీకు చదరంగం తెలుసా మామ్మగారూ?"

"తెలియదండి. బల్లలు తెలుసు. మనిషి కూర్చుని ఉండగా పక్క బల్లలు ఎత్తడం మా పనిలో లేదండి."

ఆయనకి కోపం వచ్చింది. అయినా మన గోదావరి వైపు మనిషి కాబట్టి మాట చివర అండీ మాత్రం పోలేదు. "అయితే వచ్చే ఏడు మీకు ఆర్డరు ఉండదండి," అన్నారు.

"ఉండకపోతే పోనివ్వండి."

ఆర్బిటరు మాస్టారు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నాడు. ఆయన మీద నాకు ఇంకా మంట. గంగాళం చప్పుడుకే పెదవి మీద వేలు పెట్టిన మనిషి, ఇంత చప్పుడు చేయమంటుంటే నోటికి తాళం వేసుకున్నాడు.

"మాస్టారూ," అన్నాను, "ఆట అయిపోయిందాండీ?"

"లేదండి, ఇంకా..." అని గొణిగాడు.

"కాస్త గట్టిగా చెప్పండి. కన్వీనరుగారికి వినబడలేదు."

మాస్టారు ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆట అవలేదండి. అయ్యేదాకా హాల్లో ఏదీ కదపడానికి వీల్లేదండి," అన్నాడు. చెప్పాక ఆయనకే చెమటలు పట్టాయి. చెప్పాడు కదా, అది చాలు. కన్వీనరుగారు ఫోను చెవికి ఆనించుకుని గేటు వైపు వెళ్ళిపోయారు.

నేను ముక్కాలిపీట తెచ్చి హాలు గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను. ఎవరు బల్ల ముట్టుకుంటారో చూద్దామని.

అక్కడినుంచి లోపల ఇద్దరూ కనబడుతున్నారు. ఆట నాకు అర్థం కాదు కాబట్టి మనుషుల్నే చూశాను. భాస్కరం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తు వేయవలసినప్పుడు ఒక చెయ్యి తీసి వేసి, పక్కనున్న గడియారం నొక్కి, మళ్ళీ తొడ కింద పెట్టేసుకునేవాడు. మొహంలో ఏమీ లేదు. ముసలాయన పెరుగన్నం తింటున్నంత నిదానం.

కుర్రాడు అలా లేడు. వాడికి కిటికీలోంచి గేటు కనబడుతోంది. గేటు మీద వాడి మొహమే ఉంది. కిటికీ అవతల స్నేహితులు బొటనవేళ్ళు చూపిస్తున్నారు. వాడు ఒకసారి బోర్డు చూస్తాడు, ఒకసారి గేటు చూస్తాడు. సిగ్గుపడుతున్నాడో సంబరపడుతున్నాడో వాడికే తెలియనట్టుంది. ఎత్తులు మాత్రం గబగబా వేస్తున్నాడు. పందిట్లో నలుగురూ లేచి నిలబడి తన కోసమే చూస్తుంటే, ఆఖరి ముద్దలు నమలకుండా మింగే పెళ్ళికొడుకులా ఉన్నాడు.

అలా చాలాసేపు జరిగింది. పూలవాళ్ళు వ్యానులో నిద్రపోయారు.

అప్పుడు కుర్రాడు ఒక ఎత్తు వేశాడు. వేసి కుర్చీలో వెనక్కి వాలాడు. భాస్కరం వెంటనే ఏమీ చేయలేదు. మామూలుగా అయితే ముందుకు వంగి చూసేవాడు, ఈసారి వెనక్కి జరిగాడు. నేను పీట మీదే సర్దుకున్నాను. తరవాత తొడ కిందనుంచి చెయ్యి తీసి, గుర్రాన్ని ఎత్తి, చప్పుడు కాకుండా పెట్టాడు.

కుర్రాడు బోర్డు చూశాడు. మళ్ళీ చూశాడు. ఈసారి గేటు వైపు చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

తరవాత సత్యవతి కుర్రాళ్ళని అడిగి వచ్చి చెప్పింది. ఆ ఒక్క గుర్రం ఇటు రాజు మీదా, అటు మంత్రి మీదా ఒకేసారి పడిందట. రాజుని కాపాడుకోవాలి కాబట్టి మంత్రి పోయింది. చదరంగంలో మంత్రి పోతే ఇల్లు కాలినట్టేనట. ఇంకాసేపు ఆడాడు కుర్రాడు. చివరికి గడియారం ఆపి, తనే లేచి చెయ్యి చాపాడు. భాస్కరం కూడా లేచి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

చెయ్యి కలపడం కిటికీలోంచి చూసి, గేటు దగ్గరున్న మనిషి టపాకాయలు అంటించేశాడు. దండ పట్టుకున్నతను లోపలికి పరిగెత్తుకొచ్చాడు. వెనకే కన్వీనరుగారు.

"సాధించావురా!"

"ఓడిపోయాను మావయ్యా."

"అదేంట్రా? గెలిచేశావన్నారు కదా!"

"అన్నది నేను కాదు మావయ్యా," అన్నాడు తేజ. బయట టపాకాయలు ఇంకా పేలుతూనే ఉన్నాయి. "ముందు గేటు మీద అది తీయించండి. నేను బయటికి ఎలా వెళ్ళను?"

దండ పట్టుకున్నతను ఎవరి మెడలో వేయాలో తెలియక మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత జరిగినదంటే నాకు ఇంకా మంట. బహుమతి ఇస్తూ కన్వీనరుగారు మైకు పట్టుకుని ఓపిక గురించి ఉపన్యాసం ఇచ్చారు. ఎంత కష్టంలోనూ పట్టు వదలకూడదని, ఇవాళ్టి పిల్లలు భాస్కరంగారిని చూసి నేర్చుకోవాలని. బంతిలో మోకాళ్ళ జోకు వేసినవాడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. బల్లలు ఫెళ్ళుమనిపించమన్న నోరూ, ఈ నోరూ ఒకటేనా అని నేను గుమ్మంలోంచి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇటు చూడలేదు.

అన్నీ అయ్యాక రెండు ఆకులూ వేసి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. కుర్రాడు ముందు ఆకలి లేదన్నాడు.

"ఓడినవాడికి అన్నం పెట్టరని ఎవరు చెప్పారు నీకు? కూర్చో," అన్నాను. కూర్చున్నాడు.

పప్పు వడ్డిస్తూ భాస్కరాన్ని అడిగాను. "అంతమంది అయిపోయిందన్నారు. నీకు మాత్రం అవలేదని ఎలా తెలిసింది నాయనా?"

"నాకూ తెలియదండి మామ్మగారూ. చాలాసేపు నేను ఓడిపోతూనే ఉన్నానండి." ముద్ద కలుపుతూ ఆగాడు. "మా కొల్లేట్లో తాటిదోనె బురదలో దిగబడిందనుకోండి, కంగారుపడి గెడ వేసి తోస్తే ఇంకా దిగబడుతుందండి. మెదలకుండా కూర్చుని, బరువు అటూ ఇటూ మార్చుకుంటూ ఉండాలి. నీళ్ళు ఎప్పుడో కాస్త కదులుతాయి. కదలకపోనూవచ్చు. గుర్రాన్ని ఎవరూ తరమలేని గడిలో పెట్టుకుని కూర్చున్నానండి, అంతే."

తేజ తల వంచుకుని తింటున్నాడు. "ఆ ఎత్తుకి ముందు ఒక్క నిమిషం ఆగుంటే చూసేవాణ్ణండి," అన్నాడు.

"నిన్ను ఆగనిచ్చారా?" అన్నాను. "నీ మొహం గేటుకి కట్టేసి, కింద నిప్పు పట్టుకుని నిలబడ్డారు."

భాస్కరం వాడి ఆకు వైపు మామిడికాయ పప్పు గిన్నె జరిపాడు.

ఆ రోజు నాకు తెలిసింది అదే. వాళ్ళు భాస్కరానికి ఒక్కడికే అన్యాయం చేశారనుకున్నాను. కాదు. తింటున్నవాడి ముందు ఆకు తీస్తే ఆకలితో లేచేది అతనొక్కడే కాదు. పక్కవాడు కూడా మింగలేని ముద్ద మింగుతాడు. బంతి మర్యాద నిదానంగా తినేవాడి కోసమే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. గబగబా తినేవాడిని కూడా కాపాడేది అదే.

మరుసటి ఏడు ఆర్డరు మాకు ఇవ్వలేదు. చెప్పినట్టే చేశారు. భాస్కరానికి మాత్రం ఆఫీసులో లీవులు ఇస్తున్నారు. మొన్న ఎక్కడో పోటీలో ఉండి ఫోను చేశాడు. "ఇవాళ ఓడిపోయానండి మామ్మగారూ. రేపు ఇంకో ఆటుందండి," అన్నాడు. "తిన్నావా?" అన్నాను. తిన్నానన్నాడు.

ఆ ఫ్లెక్సీ గేటు పక్కన కాలువలో పారేయబోతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. గట్టి సరుకు. వానాకాలం మా కట్టెల మోపు మీద అదే కప్పుతాం, అక్షరాలు కిందకి పెట్టి. మొన్న అత్తిలిలో ఒక పెళ్ళి. ఒక పెద్దాయన ఇంకా పెరుగన్నం దగ్గరే ఉన్నాడు. కొత్తగా చేరిన సప్లయి మనిషి పక్క ఆకు మీద చెయ్యి వేశాడు. నేను లేచేలోపే అటునుంచి సత్యవతి గొంతు వినబడింది.

"ఏవయ్యా, అప్పుడే ఫ్లెక్సీ కట్టేస్తున్నావా? ఆయన్ని తిననీ."